సున్న, పొల్లు

ఆటోనగర్ మూడో రోడ్డులో కమాన్ కట్టల కొట్టు మీద
ఇరవై రెండేళ్ల కిందట నేనే రాశాను:
బల్కార్ సింగ్ అండ్ సన్స్.
పసుపు మీద ఎరుపు, నల్ల నీడ.
అక్షరానికి ఆరు రూపాయలు.
సున్నకి కూడా డబ్బులేంటయ్యా అన్నాడు సర్దార్.
సున్న తీసేస్తే మీరు ఉత్త సిగ్ అండీ అన్నాను.
కొట్టంతా నవ్వింది.
ఆరూ ఇచ్చాడు.

ఆ రోజే నిచ్చెన మీంచి అడిగాను,
ఇది మీ ఇంటిపేరా? మాకు ముందుంటుంది, పొట్టక్షరంగా.
మీకు తోకలో ఉందేం?
పానా పక్కన పెట్టి, బనీనుకి గ్రీజు తుడుచుకుని
అచ్చం పటమట యాసలో చెప్పాడు:
ఇంటిది కాదు పాదం,
ఇంటిపేరు వదిలేసినోళ్ల పేరు.

మూడొందల ఏళ్ల పైమాట. వైశాఖి నాడు
తల ఎవడిస్తాడని అడిగాడట పదో గురువు.
అంతమందిలో ఐదుగురు లేచారట.
ఒకడు నీళ్లు మోసేవాడు, ఒకడు మంగలి,
ఒకడు మీ బందరోళ్లలా గుడ్డకి అద్దకాలేసేవాడు.
ఇనప గిన్నెలో నీళ్లు, చక్కెర బిళ్లలు,
కత్తితో కలిపి అందరికీ అదే గిన్నె.
తాగి లేచేసరికి
ఎవడి కులం ఎక్కడ పెట్టాడో ఎవడికీ గుర్తులేదు,
అందరూ సింగులే.
సింహం అన్నమాట.
మీ మంగళగిరి సింహం కూడా తియ్యనీళ్లే కదా తాగేది,
అని కన్ను గీటాడు.

నేను ఊరుకోలేదు.
గుంటూరు యార్డులో కాటా వేసే కిషన్ సింగ్ ఉన్నాడు,
గడ్డం లేదు, నుదుట కుంకుమ,
బొందిలోళ్లమంటాడు, ఆయన సంగతేంటి?
వాళ్లది ఇంకా పాత సింగ్, కత్తి పట్టిన తాతలది.
మేం దాన్నే తీసుకుని అందరికీ పంచాం, అన్నాడు.
తర్వాత గొంతు తగ్గింది.
పంచాంలే గానీ,
పెళ్లి సంబంధం అనగానే
సింగ్ వెనకాల ఏముందని మావాళ్లూ అడుగుతారు.
పానా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

మొన్న బుడమేరు నీళ్లు తీశాక
బోర్డు మీద సగం సింగ్ మిగిలింది.
పెద్దాయన లేడు. కొడుకులు లూధియానాలో ఒకడు,
లారీల మీద ఒకడు.
కూతురు కబురు పెట్టింది:
అంకుల్, అండ్ సన్స్ గీకేసి
సిమ్రత్ కౌర్ అని రాయాలి.

నాన్నది సింగ్, నీది కౌరేంటమ్మా?
ఆడోళ్లందరికీ అదే. మా అమ్మకీ, నానమ్మకీ.
యువరాణి అంటారు కొందరు. రాణీ గీణీ నాకు తెలీదు,
పెళ్లయినా మారదు, అది చాలు.
ఆధార్ సెంటర్లో మటుకు మూడుసార్లు తిప్పారు,
మొగుడిదీ నీదీ ఇంటిపేరు కలవట్లేదని.

గరుకు కాగితం పెట్టి సన్స్ ని గీకుతున్నాను.
ఎంత గీకినా పసుపు కింద
ఎర్రగా కనబడుతూనే ఉంది.

మరి మీ ఇంటిపేరేంటి అంకుల్?
ఇన్నేళ్లుగా బోర్డు మూలన పాదం ఆర్ట్స్ అనే రాస్తారు.

కుంచె నోట్లో పెట్టుకున్నాను,
మాట్లాడక్కర్లేకుండా.
ఏసుపాదం అంటేనే సగం తెలిసిపోతుందమ్మా.
ఇంటిపేరు కూడా చెబితే
ఏ పేటో, పేటలో ఏ వరసో,
గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది.
ఇవేవీ అనలేదు.
టార్పెంటైన్ వాసనకి కళ్లు మండుతున్నాయని మాత్రం అన్నాను.
ఆ పిల్ల ఏమీ అడగలేదు.
తను తాగే స్టీలు గ్లాసులోనే టీ పోసి
నిచ్చెన మెట్టు మీద పెట్టింది.

కౌర్ చివర పొల్లు తిప్పుతుంటే
కిందనుంచి కేకేసింది:
అక్షరానికి నలభయ్యా! ఇందులో సున్న కూడా లేదు కదా,
తగ్గించండి.

నాన్న గొంతే.

పొల్లుందిగా, అన్నాను.